మన బడితోటలో విత్తన పరీక్షలు

తల్లిదండ్రులారా,

"చదువుకొనుటకు పంపిన బిడ్డలచేత మన్ను త్రవ్వించుటేల?" అని మీలో కొందరు మమ్ము ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్నయే. సేద్యపు కష్టమెరిగిన మీరు బిడ్డలకది వలదనుకొనుటలో తప్పు లేదు.

కోవిల్‌పట్టిలో 1901లోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రము వెలసినది. ఈశాన్య ఋతుపవనమును నమ్ముకొన్న మన నల్లరేగడిలో ప్రత్తి, జొన్నల వంటి మెట్టపైరులు ఎట్లు పండునో అచట పరిశోధించుచున్నారు. మేము చేసినది అంత గొప్ప కార్యము కాదు. కోవిల్‌పట్టిలోను విరుదునగరములోను పిల్లలు ఇంటినుండి తెచ్చిన గింజలను తడిగోనెలో చుట్టి, మొలకలు లెక్కించితిమి. బూడిద కలిపి దాచిన సజ్జలు దాదాపు అన్నియు మొలచినవి. చెమ్మ తగిలిన మినుములు సగమైనను మొలవలేదు. సంకరజాతి మొక్కజొన్న కంకినుండి తీసిన గింజలను మరల నాటగా ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, ఏ రెండును ఒక తీరున లేవు. ఆ విత్తనమును ఏటేట అంగడిలో ఏల కొనవలెనో పిల్లలు కన్నులార చూచిరి. నిజము చెప్పవలెనన్న, మేమును అప్పుడే చూచితిమి.

మమ్ము నొప్పించినది వేరొకటి. పొట్లములపై పేర్లు వ్రాయుమనగా, ఇంట "కొర్రలు", "సజ్జలు" అని చక్కగా పలుకు బిడ్డలు "తినై", "కంబు" అని తమిళమున వ్రాసిరి. 2006 నాటి చట్టముచే తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. ఉన్న ఊరి భాష నేర్వవలసినదే. అయితే అవ్వ నోట విన్న మాటను వ్రాయ చేతికి అక్షరము రాలేదు. నాటినుండి గుణింతములు తోటలోనే నేర్పుచున్నాము.

ఆశ్వయుజపు విత్తులకు ఇంటికొక గుప్పెడు గింజలు పంపుడు. పొట్లముపై పేరు మాత్రము మీరు వ్రాయవలదు, బిడ్డచేతనే తెలుగున వ్రాయింపుడు. తప్పులున్నను సరే.