పిడికిలి పట్టు – మణికట్టు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, గుమాస్తాను. అందుకని చేతి గురించే చెబుతాను. మన కొలువంతా దాని మీదే గడిచింది.

మంథని గల్లీల్లో చిర్రగోనె ఆడనివారు ఈ హాలులో ఉండరు. గోనెను బిర్రుగా పట్టినవాడి చిర్ర ఎన్నడూ దూరం పోలేదు. జారిపోనంత మేరకే పట్టి, ఆఖరి క్షణంలో మణికట్టు విదిలించినవాడిదే నాలుగిళ్ల అవతల పడేది. గోల్కొండ నయా ఖిల్లా దగ్గర గోల్ఫ్ ఆడే దొరలకు నేర్పేదీ ఇదే. మన హైదరాబాదు అజారుద్దీన్ 1984-85లో ఇంగ్లండు మీద మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినప్పుడు అందరూ చెప్పుకున్నది ఆయన మణికట్టు గురించే. పిడికిలి అతిగా బిగిస్తే ముంజేయి మొత్తం కొయ్యబారుతుంది, మణికట్టు తిరగదు.

ఇప్పుడొకటి చేసి చూడండి. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి, పిడికిట్లో పెన్ను పట్టండి. పక్కవారు లాగితే ఇట్టే వస్తుంది. మణికట్టును కొంచెం వెనక్కి, ఇరవై ముప్పై డిగ్రీలు ఎత్తి పట్టండి, అంత తేలిగ్గా రాదు. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి తాళ్లలాంటివి మణికట్టు మీదుగా వేళ్లకు పోతాయి. మణికట్టు లోపలికి వంగితే కండరం ముందే కురచైపోయి లాగే బలం తగ్గుతుంది. బకెట్టు ఎత్తినా, బస్సు రాడ్డు పట్టినా ఇంతే. చేతికర్ర కూడా, చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే, మణికట్టు గీత ఎత్తుకు ఉండాలి. తాత కర్ర మనవడికి కుదరదు.

2015లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు తగ్గినందుకే పోతామని కాదు. ఒంటి పరిస్థితి చేతిలో తెలుస్తుందన్నమాట.

మనకు అసలు చిక్కు సంతకం. మా మిత్రుడొకరిని సంతకం కలవలేదని ఒక బ్యాంకులో మూడుసార్లు తిప్పారు. చెయ్యి వణుకుతుందని ఆయన పెన్నును ఇంకా గట్టిగా పట్టేవారు, అక్షరం ఇంకా చెదిరేది. లావు పెన్ను ఇచ్చి, ముంజేయి బల్ల మీద ఆనించి, వదులుగా పట్టమన్నాను. కొంతకాలం నడిచింది. జబ్బుతో సంతకమే చేయలేనివారికి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వేలిముద్ర వేయవచ్చు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. అడగండి. అడగనిదే ఏ కౌంటరూ చెప్పదు.

ఉన్నపళంగా ఒక చెయ్యి పట్టు తప్పితే మాత్రం మర్దనాలని కూర్చోవద్దు. అది పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

రోజువారీకి తడి తువ్వాలు పిండటం చాలు, పొద్దున పదిసార్లు. మా ఇంట్లో ఆ పని నాకే ఒప్పజెప్పారు.