పాలు పడని పిల్లాడికి ఏం పాలు పట్టాలి?

ఇవాళ పాల సంగతి మాట్లాడదామని కూర్చున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు. మా చిన్నోడికి ఇప్పుడు నాలుగేళ్లు. వాడికి పాలు పడవు. పడవంటే పాలు తాగితే కడుపు ఉబ్బరించడం కాదు. అది పాలలో ఉండే చక్కెర, అదే లాక్టోజ్, అరక్కపోవడం. దానికి లాక్టోజ్ లేని పాల ప్యాకెట్ దొరుకుతుంది. మావాడిది పాల ప్రొటీన్‌కి ఎలర్జీ. లాక్టోజ్ తీసేసినా ప్రొటీన్ అలాగే ఉంటుంది కదా, ఆ ప్యాకెట్ వాడికి పనికిరాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట్లో నేనూ అంతే.

వాడి ఏడో నెలలో మొదటిసారి నాలుగు మెతుకులు పెరుగన్నం పెట్టాం. పది నిమిషాల్లో పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు. పరీక్షలయ్యాక డాక్టరుగారు తల్లిపాలు మానొద్దన్నారు. పైపాలు కావాలంటే, ప్రొటీన్‌ని ముందే చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రత్యేకమైన పాలపొడి రాసిచ్చారు. ఖరీదెక్కువ. వాసన కూడా అదోలా ఉంటుంది. కానీ ఏడాది లోపు పిల్లలకి సోయా డ్రింకు, బాదం పాలు లాంటివి పాలకి బదులుగా పట్టకూడదు, వాటితో బిడ్డకి కావలసిన పోషణ అందదని ఆయన గట్టిగా చెప్పారు.

ఇక అసలు సంగతి. వాడికి పద్నాలుగో నెలలో తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి అత్తయ్యగారు వాడికి మేకపాలు పట్టారు. అరగ్లాసు కూడా లేవు. "ఆవు పాలేగా పడంది, ఇవి మేకపాలమ్మా, గాంధీగారు తాగినవే" అన్నారు. ఆమె మాట పూర్తయ్యేలోపే వాడు కక్కాడు. కళ్లు ఉబ్బాయి, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. కారులో తెనాలి ఆసుపత్రికి వెళ్లడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల గురించి ఇప్పుడు కూడా నేను ఎక్కువ మాట్లాడలేను. ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు. అత్తయ్యగారు బయట బల్ల మీద కూర్చుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆవిణ్ణి పలకరించలేదు. రెండు నెలలు ఫోను కూడా చేయలేదు.

తర్వాత ఒకరోజు ఆలోచిస్తే తట్టింది. నేను ఆవిడకి "ఆవు పాలు పడవు" అనే చెప్పాను. డాక్టరు చీటీలో అలాగే ఉంది, నేను అదే అప్పజెప్పాను. ఆవిడ విన్నది విన్నట్టే పాటించారు. ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి మేకపాలూ పడవు, ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి. గేదె పాలదీ అదే కథ. ఈ ముక్క నేను ఆవిడకి చెప్పి ఉండాల్సింది. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఆవిడ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. (మా వీధిలోకి గాడిద పాలవాళ్లు కూడా వస్తుంటారు. పచ్చిపాలు, అక్కడికక్కడే పితికి ఇస్తారు. ఆ జోలికి నేను పోలేదు.)

ఏడాది దాటాక ఏం పట్టాలి? బాదం పాలు అని అందరూ చెబుతారు. ప్యాకెట్ వెనక చూడండి, గ్లాసుకి ప్రొటీన్ ఒక గ్రాము అటూ ఇటూ ఉంటుంది. మామూలు పాలలో ఆరేడు గ్రాములు. తెల్లగా ఉన్నంత మాత్రాన పాలు కావు. బియ్యం పాలు ఐదేళ్ల లోపు పిల్లలకి వద్దని బ్రిటన్‌లో ఆరోగ్యశాఖవాళ్లే చెబుతారు, అందులో ఆర్సెనిక్ ఉంటుందని. కొబ్బరి పాలలో కొవ్వే తప్ప ప్రొటీన్ పెద్దగా లేదు. ప్రొటీన్‌లో పాలకి దగ్గరగా వచ్చేది సోయా. అయితే పాలు పడని పిల్లల్లో కొంతమందికి సోయా కూడా పడదు. అందుకని మావాడికి మొదటిసారి ఆసుపత్రిలోనే, డాక్టరు ఎదుట పట్టించాం. పడింది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'సోయా డ్రింక్' అని ఉంటుంది, మన దేశంలో దాన్ని మిల్క్ అని రాయనివ్వరు. చక్కెర లేనిది, కాల్షియం కలిపినది చూసుకోండి. బాగా ఊపి పొయ్యండి, ఆ కాల్షియం అడుక్కి దిగిపోతుంది. ఇంట్లో చేసిన సోయా పాలలో కాల్షియం కలపం కాబట్టి మేం రాగిజావ పట్టేవాళ్లం. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదొక్కటే చాలదని డాక్టరుగారు కాల్షియం మందు కూడా రాశారు.

ఇంతా చేసి నాకు మిగిలిన దిగులు పెరుగు. మనింట్లో పెరుగన్నం తినకుండా ఎవరు లేస్తారండీ? సోయా పాలు తోడుపెడదామంటే తోడుకి వేసే చుక్క మామూలు పెరుగే కదా, అదే వాడికి విషం. దీనికి దారి చూపించింది అత్తయ్యగారే. "మా చిన్నప్పుడు తోడు దొరక్కపోతే పచ్చిమిరపకాయ తొడిమలు వేసేవాళ్లం" అన్నారు. చిక్కగా తీసి బాగా కాచిన సోయా పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు కడిగిన తొడిమలు నాలుగు వేసి మూతపెట్టాం. పొద్దుటికి తోడుకోలేదు, మధ్యాహ్నానికి తోడుకుంది. మొదటిసారి కాస్త వదులుగా వచ్చింది. అందులోంచి ఒక చెంచా తీసి మళ్లీ తోడుపెడితే గట్టిగా వచ్చింది. ఆ గిన్నె, ఆ గరిటె వాడికి విడిగా పెట్టాం.

బయట కొనే వాటితో ఇంకా జాగ్రత్త. బ్రెడ్‌లో, బిస్కెట్‌లో మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అని ఉంటాయి. కాఫీలో కలిపే నాన్ డెయిరీ పొడిలో కూడా సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల ప్రొటీనే. నెయ్యిలోనూ ఆ ప్రొటీన్ జాడలు ఉంటాయి. గుడిలో చక్రపొంగలి చేతిలో పెడితే వద్దనడం కష్టమే, అయినా వద్దంటాం.

పోయిన నెల డాక్టరుగారు ఆసుపత్రిలో చిన్న కేకు ముక్క తినిపించి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎక్కువసేపు కాలిన పాలు కొందరు పిల్లలకి పడతాయట. ఏమీ కాలేదు. ఇది మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి. గ్లాసు పాలు ఇంకా చాలా దూరం. ఇంటికి రాగానే వాడు అడిగింది మాత్రం 'నాయనమ్మ పెరుగు'.

వచ్చేవారం స్కూలు లంచ్ డబ్బా సంగతి మాట్లాడదాం. ఉంటానండీ.