ఏ పేరుతో వెతికినా

సిరియాక్ సంఘాల పట్టణం ఒకటి పుస్తకాల్లో ఓర్హాయ్, ఎదెస్సా, ఉర్ఫా అని కనిపిస్తుంది. సిరియాకా.ఆర్గ్ పండితులు ఆ పేర్లన్నిటినీ ఒకే సంఖ్య కింద చేర్చారు. ఏ పేరుతో వెతికినా ఊరు దొరుకుతుంది.

మన నందపూర్‌కూ ఇదే కావాలి. ఇది 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా, ఆపైన ఒరిస్సాలోని కోరాపుట్. 1882లో వచ్చిన జర్మన్ బ్రెక్లుం మిషనరీలు మొదలు గుమాస్తాల దాకా, ఎవరి చెవికి వినబడినట్టు వాళ్లు మన పేర్లు రాశారు. ఒక్క అక్షరం మారితే బాప్తిస్మపు రిజిస్టరులో తాత దొరకడు. భూమి పట్టాలు లేని పేదలకు ఆ పుటే సాక్ష్యం.

యౌవనస్థులారా, చెదలు పట్టకముందే, పాస్టరుగారి అనుమతితో ఆ పుటలను ఫొటో తీద్దాం. పేరు ఉన్నది ఉన్నట్టే రాసి, పక్కన మిగతా రూపాలు చేర్చుదాం. బతికున్నవారి వివరాలు మాత్రం బయటపెట్టవద్దు.