సంఘం నాకు నేర్పిన మంచి బతుకు

 

ఈ మహాజన సభలో మంచి జీవితం అంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పమన్నారు. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్తాను. అందులో తప్పు నాదే.

ముందు మా అమ్మ గురించి ఒక మాట. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించిన సంగతి మీకు తెలుసు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, పాఠంలోని కథను తమ ఇళ్ళతో పోల్చుకుని మాట్లాడుకుంటే మొదలైన కదలిక అది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత మన జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టారు. రోజుకు ఒక రూపాయి పొదుపు. మా అమ్మ కూలి డబ్బుల్లోంచి ఆ రూపాయి తీసి పోపుల డబ్బాలో వేసేది. "రూపాయి ఒక్కటే కాదే, నా ఇల్లు ఎట్లా ఉందని అడిగే మనుషులు పదిమంది ఉన్నారు నాకు" అనేది. ఆ మాట నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. లీడర్ అయిన తర్వాత కూడా చాలా రోజులు అర్థం కాలేదు.

మా సంఘంలో ఒక అక్క బర్రె కోసం అప్పు తీసుకుంది. నెలకు 2,000 రూపాయల కంతు. మొదట్లో బాగానే కట్టింది. తర్వాత వరసగా మూడు నెలలు కట్టలేదు. ఆ నెల గ్రామ సంఘంలో పుస్తకాలు చూస్తారని నాకు కంగారు. మీటింగులో అందరి ముందు అనేశాను, "తీసుకునేటప్పుడు లేని ఇబ్బంది కట్టేటప్పుడు ఎందుకొచ్చిందక్కా?" అని. ఆమె ఏమీ మాట్లాడలేదు. కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున్నే వచ్చి 6,000 నా చేతిలో పెట్టింది. నేను సంతోషంగా పుస్తకంలో రాసుకున్నా. బకాయి లేదు. అందరూ మెచ్చుకున్నారు. నేను గట్టిగా అడగబట్టే వచ్చిందని అనుకున్నా.

రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ 6,000 ఆమె బయట అయిదు రూపాయల వడ్డీకి తెచ్చిందని. లెక్క మీరే చూడండి. మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీ అయితే 6,000కు నెలకు 60 రూపాయలు. బయట 300. బర్రె వట్టిపోయింది, ఆయన చెయ్యి విరిగి పనికి పోవడం లేదు. వడ్డీ వ్యాపారి చేతుల్లోంచి బయటపడాలని మనం సంఘం పెట్టుకుంటే, నా మాట వల్ల ఆమె మళ్ళీ ఆ గడపే తొక్కింది. నా పుస్తకం శుభ్రంగా ఉంది. ఆమె ఇల్లు మునిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఆమె ఇంటికి పోయాను. "ముందే ఎందుకు చెప్పలేదక్కా?" అంటే, "ఎవరు అడిగారమ్మా?" అంది. అప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది.

మీటింగు పెట్టి అందరికీ చెప్పాను, నాదే తప్పని ఒప్పుకున్నాను. మా పొదుపులోంచి ఆమెకు 6,000 ఇచ్చి బయట బాకీ తీర్పించాం. కంతు 1,000కి తగ్గించాం. అప్పు మాఫీ చేయమని నేను చెప్పడం లేదు. అది మన అందరి కష్టార్జితం. ఆమె కూడా మాఫీ అడగలేదు, ఇప్పుడు నెలనెలా కడుతోంది. ఆమెను అడిగే ఈ సంగతి చెప్తున్నా, పేరు మాత్రం చెప్పను.

మన పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మొదటిది సమావేశం. డబ్బు ఊసు ఆ తర్వాతే. కూర్చుని ఒకరి సంగతి ఒకరు వినకపోతే మిగతా నాలుగూ ఉన్నా లాభం లేదని నాకు ఇప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు మా సంఘంలో పొదుపు పుస్తకం తెరవకముందే ఇంట్లో ఎట్లా ఉందని వరసగా అందరినీ అడుగుతాం. కంతు ఆగితే ఇద్దరం ఇంటికి పోయి మాట్లాడతాం, నలుగురిలో అడగం.

అంతా సరిపోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ నేను కాస్త గొంతు పెంచితే ఆ అక్క తల దించుకుంటుంది. ఆ తల మళ్ళీ పైకి లేవాలంటే ఇంకా ఎన్ని మీటింగులు పడుతుందో.

ఇల్లు, బంగారం, పిల్లల చదువు, ఇవన్నీ కావాలి. నేనూ వాటి కోసమే కష్టపడుతున్నా. కానీ కష్టం వచ్చినప్పుడు చెప్పుకోవడానికి మనకు నలుగురు ఉండాలి, ఇంకొకరు చెప్పుకోవడానికి మనం ఉండాలి. మంచి బతుకంటే నాకు తెలిసింది ఇదే. ఈ నెల మీ మీటింగులో మూడు వారాలుగా రాని అక్క ఎవరైనా ఉంటే, ఫైన్ రాయకముందు ఒకసారి ఆమె ఇంటికి పోయి రండి.