కంపెనీ తప్పుకున్నా చెదరని సమూహం
ఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, తిరిగి పంచుకునే హక్కు ఉన్నప్పుడు దానిని ఓపెన్ సోర్స్ అంటారు. ఆండ్రాయిడ్ కోడ్ ఆధారంగా స్టీవ్ కాండిక్ 2009లో ప్రారంభించిన సయనోజెన్‌మాడ్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చుట్టూ, తయారీదారులు అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లకు మళ్లీ ఆయుష్షు పోయాలనుకున్న ఔత్సాహికులు అనేక దేశాల నుంచి చేరారు. అయితే ఇటువంటి సమూహాన్ని నిలబెట్టేది ఉత్సాహం కంటే క్రమశిక్షణే: ఎవరు పంపిన మార్పైనా గెరిట్ అనే సమీక్షా వ్యవస్థలోకి వెళుతుంది, అక్కడ ప్లస్ 1 అంటే బాగుంది గానీ మరొకరు ఆమోదించాలని, ప్లస్ 2 అంటే ఆమోదమని, మైనస్ 2 అంటే ఆ మార్పు ముందుకు కదలరాదని అర్థం. ఒక్కో ఫోన్ మోడల్ బాధ్యతను మెయింటెయినర్ అనే స్వచ్ఛంద నిర్వాహకుడు మోస్తాడు. జీతం లేని కొలువు కనుక ఆయన తప్పుకొని, ఆ స్థానంలోకి ఎవరూ రాకపోతే ఆ మోడల్‌కు కొత్త వెర్షన్లు ఆగిపోతాయి. 2013లో సయనోజెన్‌మాడ్ ప్రాజెక్టు ఆధారంగా ఏర్పడిన సయనోజెన్ కంపెనీ 2016 డిసెంబరులో సేవలు నిలిపివేసినప్పుడు, కంపెనీ సొత్తైన పేరు చేజారింది గానీ కోడ్ చేజారలేదు. సభ్యులు దాని నుంచి ఫోర్క్, అంటే వేరుపడిన కొత్త శాఖను తీసి, లీనియేజ్ ఓఎస్ పేరుతో పని కొనసాగించారు.