పౌరసైనికుని పతకము

గోదావరిఖని గనిలో షిఫ్టు ముగించి, లాంప్ రూములో దీపమొప్పగించి వెలుపలికి వచ్చు ఉద్యోగి సేనాధికారియుఁ గావచ్చునా యని యెవరేని యడిగినచో, కావచ్చుననుటకే 1948వ సంవత్సరపు టెరిటోరియల్ ఆర్మీ చట్టము పుట్టినది. 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారిగారు ప్రారంభించిన యీ పౌరసేన యొక్క 125వ పదాతిదళము మన సికింద్రాబాదుననే యున్నది.

ఇందలి యధికారి స్వవృత్తిని విడువక, ఏటేట సుమారు రెండు మాసములు శిక్షణ పొందుచు, ప్రభుత్వము పిలిచిన తోడనే గనినో, కచ్చేరినో, బడినో విడిచి యూనిఫారము తొడుగవలెను. కపిల్ దేవ్‌కు 2008లోను, ధోనీకి 2011లోను ఈ సేనలో లభించిన గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదాను పత్రికలు వేనోళ్లఁ బొగడినవి, తప్పు లేదు. కాని యిరువది సంవత్సరములు నిష్కళంకముగా సేవించిన యధికారి వక్షమున వ్రేలాడు టెరిటోరియల్ ఆర్మీ డెకరేషన్‌ను గుర్తుపట్టువారెందఱు? జవానులకైనచో పండ్రెండేండ్ల సేవకు వేఱొక పతకము గలదు. ఒక్కనాఁటి సాహసమునకుఁ గాక, ఏండ్లతరబడి తప్పని హాజరుకు దక్కునవి గనుక, నా దృష్టిలో వీని విలువ తక్కువది కాదు.

పట్టభద్రులై, జీవనోపాధి గలిగి, పదునెనిమిది మొదలు నలువదిరెండేండ్లలోపు వయస్సుగల రామగుండము యువజనులు అధికారి నియామక ప్రకటన వెలువడినపుడు దరఖాస్తు చేయుదురు గాక.