పంపు నీళ్లు పట్టకపోతే

వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలిస్తోంది. మోటారు తిరుగుతోంది గాని పంపు నీళ్లు తీయదు. మెకానిక్కు కోసం పరుగెత్తే ముందు మీరే చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి.

మోటారు ఆపి, పంపు మీది గరాటులో నిండా నీళ్లు పోసి కాసేపు చూడండి. అతుకుల దగ్గర తడి కనపడకుండానే నీళ్లు దిగిపోతుంటే, లోపం బావిలోని ఫుట్‌వాల్వుదే. మూత కింద పుల్లో, గులకరాయో ఇరుక్కుని ఉంటుంది. లేదా తోలు అరిగి ఉంటుంది. చాలామంది పేడనీళ్లు పోసి పని జరుపుకుంటారు. ఆ పూటకు నడుస్తుంది, నిజమే. రేపు మళ్లీ అదే తంటా! కొత్త తోలు వేయించండి.

నీళ్లు నిలిచినా, పంపు వేసిన కాసేపటికి వదిలేస్తున్నదా? అయితే ఎక్కడో గాలి పీలుస్తున్నది. సక్షన్ పైపు వాషర్లు, గ్లాండు చూడండి. గ్లాండు నుంచి చుక్క చుక్కగా నీరు కారడం తప్పు కాదు. అది పూర్తిగా ఆగేదాకా బిగించారా, ప్యాకింగు మాడి షాఫ్టు అరుగుతుంది.

ఎండాకాలంలో నీరు పంపుకు 20 అడుగుల కన్న కిందికి పోతే, లోపం పంపుది కాదు. నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువు. లెక్కకు దాని బలం 34 అడుగులు; పైపు రాపిడికీ, పంపుకూ కొంత పోతుంది. అప్పుడు పంపును బావిలో గట్టు మీదికి దించుకోవాలి. ఆయిలింజనును మాత్రం దించకండి. దాని పొగ బావిలో నిలిచిందంటే దిగినవాడు మళ్లీ పైకి రాడు.